ఆరోగ్య సిబ్బందికి అండ: కౌన్సెలింగా, చాలినంతమంది మనుషులా?

చర్చ ప్రారంభించినవారు:
బర్నౌట్‌ను, అంటే పనిలో పూర్తిగా అలసి విసిగిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో నిర్వచించినప్పుడు, అది జబ్బు కాదనీ, సరిగా పట్టించుకోకుండా వదిలేసిన దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అనీ చెప్పింది. కారణం పనిచేసే చోట ఉండగా చికిత్స పనిచేసే మనిషికి చేయడం ఏమి న్యాయం? ధ్యానం తరగతులకూ, ఒత్తిడిని తట్టుకునే శిక్షణకూ పెట్టే డబ్బుతో ముందు సిబ్బందిని పెంచాలన్నది నా వాదన.

ఆసుపత్రి నిర్వహణలో ఉన్న సభ్యుడు:
మనుషులు ఎక్కడ దొరుకుతారండీ? 2030 నాటికి ప్రపంచంలో కోటిమందికి పైగా ఆరోగ్య సిబ్బంది కొరత ఉంటుందని అదే సంస్థ అంచనా. ఒక్కో నర్సుకు ఇంతమందే రోగులని చట్టం చేస్తే, నర్సులు లేనిచోట పడకలు ఖాళీగా ఉంచి రోగులను తిప్పి పంపాల్సి వస్తుంది.

వార్డు నర్సు:
కొరత నిజమే, కానీ చదువుకున్న నర్సులు భరించలేక వృత్తినే వదిలిపోవడం కూడా ఆ కొరతలో భాగమే. ఒక తెల్లవారుజామున నా రోగి కన్నుమూశాడు. ఆయన భార్యకు ఆ మాట చెప్పి, ఆమె చేయి ఇంకా నా చేతిలో ఉండగానే పక్క పడక దగ్గర సెలైన్ పంపు మోగింది. అరగంటలో అదే పడకమీద కొత్త దుప్పటి పరిచి ఇంకొకరిని చేర్చుకున్నాను. డ్యూటీ దిగాక, ఒత్తిడిని జయించడమెలాగో చెప్పే తరగతిలో కూర్చోబెట్టి సంతకం తీసుకున్నారు. నాకు ఆ రాత్రి కావలసింది పది నిమిషాలు వార్డు చూసుకునే ఇంకో మనిషి.

అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ శస్త్రచికిత్స జరిగినవారిలో మరణ అవకాశం 7 శాతం, నర్సుల్లో బర్నౌట్ అవకాశం 23 శాతం ఎక్కువగా కనిపించాయి. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తున్న నర్సు-రోగి నిష్పత్తుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, నర్సు భోజనానికి వెళ్లిన వేళ కూడా ఆ సంఖ్య తప్పకూడదన్న నియమం. అప్పుడు విడిపించే మనిషిని ఆసుపత్రే ముందుగా చూపించి తీరాలి.

నిర్వహణ సభ్యుడు:
చట్టంపై నా అభ్యంతరం అలాగే ఉంది. అయితే రాత్రంతా పనిచేసినవారిని తరగతిలో కూర్చోబెట్టడం తప్పేనని ఒప్పుకుంటున్నాను. వార్డులో మరణం సంభవిస్తే ఆ నర్సును కాసేపు ఎవరు విడిపించాలో రోస్టర్‌లో పేరుతో సహా రాయడం, కొత్త నియామకాలు లేకుండానే మొదలుపెట్టవచ్చు.

వార్డు నర్సు:
తప్పకుండా రాయండి. ఆ పేరు పక్కనే, ఆ వేళకు ఆ మనిషి చూసుకోవలసిన సొంత రోగులు ఎంతమందో కూడా రాయండి.