పాత బొగ్గు గుట్ట మీద గడ్డి మొలిస్తే ఇక భయం లేనట్టేనా?

నేలపొర:
బొగ్గు కోసం తవ్విపోసిన రాయీ మట్టీ, బొగ్గు కడిగాక మిగిలిన చెత్తా గుట్టలుగా పోసి వదిలేస్తారు కదా. ముప్పై నలభై ఏళ్లు ఎండకు ఎండి వానకు తడిస్తే లోపలున్న చెడంతా కడుక్కుపోతుందని, గడ్డి మొలిచాక గుట్టను చదును చేసి వాడుకోవచ్చని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గంధకశిల:
నేను కాదంటాను. వయసు చూసి గుట్టను నమ్మడానికి లేదు.

బురద గట్టిపడి రాయిగా మారిన షేల్, మడ్‌స్టోన్ లాంటివి బయటపడిన కొద్ది నెలలకే పొరలు పొరలుగా విడిపోవడం మొదలవుతుంది. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం. కొన్నేళ్లకు చేత్తో నలిపితే బంకమట్టి. అది చూసి గుట్ట మట్టైపోయిందని అనుకుంటాం. రసాయన మార్పుది వేరే లెక్క. రాయిలోని పైరైట్ అంటే ఇనుము, గంధకం. గాలీ నీరూ తగిలితే అందులోంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. పక్కనే కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపు ఖనిజం) ఉన్నంతకాలం ఆ ఆమ్లాన్ని అదే మింగేస్తుంది, కాబట్టి గుట్ట కిందికి వచ్చే నీరు ఏళ్ల తరబడి మామూలుగానే ఉండొచ్చు. కాల్సైట్ అయిపోయి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత, 7 అంటే తటస్థం) 4 కిందికి దిగిందంటే వ్యవహారం మారిపోతుంది. పైరైట్‌ను ఆక్సీకరించే పని అప్పటిదాకా ఆక్సిజన్‌ది, ఇక దాన్ని నీటిలో కరిగిన ఫెర్రిక్ ఇనుము (బాగా ఆక్సీకరణ చెందిన ఇనుము) అందుకుంటుంది. ఆ ఇనుమును తయారుచేసే పనిని అసిడిథయోబాసిలస్ జాతి బ్యాక్టీరియా పది లక్షల రెట్ల దాకా వేగంగా చేయగలదు.

పాత గుట్టలో ఒక పెద్ద రాయి పగలగొట్టి చూడండి. పైన గోధుమరంగు తుప్పు పెచ్చు, పగుళ్ల వెంట ఆమ్లం పుట్టినచోట ఏర్పడే లేత పసుపు ఖనిజం జారోసైట్, నడిమధ్యలో నిన్ననే తవ్వినట్టు బూడిదరంగు. చాలా గుట్టలూ అంతే. బాగా అణిగి నీరు నిండిన చోటికి ఆక్సిజన్ చేరడం కష్టం. గాలిలో కంటే నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఆ లోపలి రాయిని చదును పేరుతో బుల్డోజర్ పైకి తెస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

సున్నపురాయి:
గంధకశిల గారూ, గుట్టలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. బొగ్గు పొర ఏర్పడిన కాలంలో సముద్రపు నీటి ప్రభావం ఉన్నచోట పైరైట్ సాధారణంగా ఎక్కువ, మంచినీటి బురదలో ఏర్పడినచోట తక్కువ. లెక్క కూడా ఉంది: పైరైట్ గంధకం 1 శాతం ఉన్న 1000 టన్నుల రాయికి 31.25 టన్నుల కాల్షియం కార్బొనేట్ కావాలి. రాయిలో అంతకు బాగా మించి ఉంటే ఆమ్లం సమస్య సాధారణంగా రాదు.

నా భయమంతా వాలు గురించే. నలిగి బంకమట్టి అయిన పొరలోంచి నీరు దిగదు, నిలిచిపోతుంది. గుట్టలో నీరు చేరితే ఎంత ఘోరం జరుగుతుందో 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో చూశాం. ఊటల మీద పోసిన గుట్ట జారి 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. దాన్ని పోయడం మొదలైంది 1958లోనే. అక్కడ ప్రాణాలు తీసింది ఆమ్లం కాదు, నీరు.

నీటిపరీక్ష:
ఆమ్లం లేదంటే నీరు బాగున్నట్టు కాదండీ. కాల్సైట్ ఆమ్లాన్ని మింగినా సల్ఫేట్ మాత్రం చాలావరకు నీటిలోనే మిగులుతుంది, కాల్షియం, మెగ్నీషియం దానికి తోడవుతాయి. పీహెచ్ 7 దాటినా మాంగనీస్, సెలీనియం రావచ్చు. ఇంకో సంగతి. ఎండాకాలంలో గుట్ట అడుగున ఊట దగ్గర తెల్లగా, పసుపుగా ఉప్పు తేలుతుంది. దానిలో కొంత ఎండిపోయి దాక్కున్న ఆమ్లమే. తొలి వానకు కరిగి ఒక్కసారిగా వాగులోకి దిగుతుంది. ఆ వారం వదిలేసి, నడివానాకాలంలో పలచబడిన నీటిని సీసాలో పట్టి ‘బాగుంది’ అని రాసిన రిపోర్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వాగులో చేపలు బతకాలి.

నేలపొర:
మరి గుట్ట ఏ దశలో ఉందో తెలిసేదెలా? లోపల మంట ఉంటే అప్పుడూ కదపకూడదా?

గంధకశిల:
పైమట్టి పిడికెడు తీస్తే ఏమీ తెలియదు. గోతులు తవ్వి, బోర్లు వేసి లోతు లోతుకీ నమూనా తీయాలి. ప్రతి నమూనాలో ఇంకా మిగిలిన పైరైట్ గంధకం ఎంత, కార్బొనేట్ ఎంత అని చూడాలి. సున్నపురాయి గారి లెక్కలో సిడరైట్ (ఇనుప కార్బొనేట్) దగ్గర జాగ్రత్త పడాలి. బొగ్గు పొరల రాళ్లలో అది మామూలే. పరీక్షలో కార్బొనేట్‌గానే తేలుతుంది, కానీ దానిలోని ఇనుము ఆక్సీకరణ చెంది ఆమ్లాన్ని తిరిగి విడుదల చేస్తుంది. నికరంగా ఒరిగేది సున్నా. ఆపైన తడిపి ఆరబెట్టే తేమ గది పరీక్ష కనీసం 20 వారాలు నడపాలి.

మంట సంగతి వేరు. వదులుగా పోసిన చోట గాలి దూరి, మిగిలిన బొగ్గు పొడి, పైరైట్ వేడెక్కి అంటుకుంటాయి. అక్కడ కదపక తప్పదు. కొంచెం కొంచెంగా తీసి, చల్లార్చి, పలచటి పొరలుగా అణచి, గాలి చొరబడని బంకమట్టి కప్పాలి.

సున్నపురాయి:
సిడరైట్‌ను విడిగా లెక్కించాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ఆ బంకమట్టి కప్పు మీద పడ్డ నీరు ఎటు పోతుందో ముందు గీసి చూపించండి. కాలువలు లేని కప్పుకు నేను సంతకం పెట్టను.