చెషైర్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది ఏ దాడికి?

రెక్కలచప్పుడు (ప్రశ్న):
రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ బాంబర్ పైలట్ లెనార్డ్ చెషైర్‌కు 1944 సెప్టెంబరులో విక్టోరియా క్రాస్ (బ్రిటన్‌లో అత్యున్నత సాహస పతకం) ఇచ్చారు. మరో బాంబర్ పైలట్ గై గిబ్సన్‌కైతే జర్మనీ డ్యాముల మీద దాడికి అని ఠక్కున చెప్పేస్తాం. చెషైర్ విషయంలో ఒకచోట మ్యూనిక్ అని, ఇంకోచోట ఫ్రాన్స్‌లోని లిమోజ్ అని రాస్తున్నారు. ఏది సరి? ఆయన పేరుతో ముడిపెట్టే 'లో-లెవెల్ మార్కింగ్' (తక్కువ ఎత్తుకు దిగి, బాంబులు వేయాల్సిన చోటికి మంటలతో గుర్తు పెట్టడం) ఎలా చేసేవారో కూడా వివరంగా చెప్పగలరా? అంత కిందికి దిగాల్సిన అవసరం ఏమొచ్చింది?

పాతరాడార్:
ఏ ఒక్క దాడికీ కాదు. ఆ పతక ప్రశంసాపత్రం నాలుగేళ్ల యుద్ధసేవను మొత్తంగా లెక్కలోకి తీసుకుంది. 1940 జూన్‌లో మొదలై నాలుగు టూర్లు (విడతల యుద్ధవిధులు), 100 దాడులు. అందులో ఉదాహరణలుగా చెప్పినవి రెండు. మొదటిది 1940 నవంబరు నాటి కొలోన్ దాడి. చెషైర్ నడుపుతున్న విట్లీ బాంబర్‌కు ఫిరంగి గుండు తగిలింది, లోపలున్న ఫ్లేర్ (వెలుగు కోసం వదిలే మంట) పేలి విమానం పక్కభాగం చీలిపోయింది. మంటలు ఆర్పుకుంటూనే బాంబులు వేసి, విమానాన్ని ఇంటికి తెచ్చారు. రెండోది 1944 ఏప్రిల్ 24 రాత్రి మ్యూనిక్. లిమోజ్ గొప్ప దాడే గానీ పతకానికి అదే కారణమని రాయకండి.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది దాటేస్తారు. 1943లో పాతికేళ్లకే చెషైర్ గ్రూప్ కెప్టెన్ అయ్యారు. ఆ హోదాలో ఉంటే బల్ల ముందు కూర్చునే పనే ఎక్కువ. అందుకే కోరి ఒక మెట్టు దిగి, వింగ్ కమాండర్‌గా 617 స్క్వాడ్రన్ (డ్యాముల మీద దాడి చేసిన బాంబర్ దళం) పగ్గాలు తీసుకున్నారు. నా దృష్టిలో ఆయన సేవలో అసలు మలుపు అదే.

స్పాట్‌ఫైర్:
మార్కింగ్ సంగతి నేను చెబుతాను.

617 దగ్గర ఉన్న బాంబ్‌సైట్ (బాంబులకు గురి చూసే పరికరం) చాలా ఖచ్చితమైనది. కానీ గురి పెట్టడానికి దానికి స్పష్టమైన ఒక చుక్క కావాలి. రాత్రిపూట ఆ చుక్కను వేరే విమానం రంగు మంటలతో వేసేది. 1943 డిసెంబరు 16 రాత్రి ఫ్రాన్స్‌లోని ఆబెవిల్ దగ్గర ఏమైందో చూడండి. 'ఓబో' అనే రేడియో పద్ధతితో చాలా ఎత్తునుంచి మార్కర్లు (గుర్తు మంటలు) వేశారు. 617 బాంబులు ఆ మార్కర్లకు 100 గజాల లోపే పడ్డాయి. మార్కర్లు మాత్రం లక్ష్యానికి 350 గజాల దూరంలో ఉన్నాయి! ఎంత బాగా గురిపెట్టినా గురిపెట్టిన చోటే తప్పయితే ఏం లాభం? నగరాన్ని కొట్టేటప్పుడు ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. ఒక ఫ్యాక్టరీనో ఒక కాంక్రీట్ గోదామునో కొట్టాలంటే దాడి మొత్తం వృథా.

చెషైర్, ఆయన సహచరుడు మిక్ మార్టిన్ కలిసి తేల్చుకున్నది ఒకటే: కంటితో చూసి, దగ్గరికెళ్లి వేయాలి. వరస ఇలా ఉండేది:

మొదట పైనున్న లాంకాస్టర్ బాంబర్లు పారాచూట్ ఫ్లేర్లు వదిలి నేలను వెలిగిస్తాయి. ఆ వెలుగులో మార్కర్ పైలట్ లక్ష్యాన్ని గుర్తుపట్టి, డైవ్ చేసి, వెయ్యి అడుగుల లోపుకు దిగి ఎర్ర స్పాట్ ఫైర్లు (నేలమీద మండే మార్కర్లు) వదులుతాడు. డైవ్ ఎందుకంటే, అంత తక్కువ ఎత్తులో అడ్డంగా ఎగురుతూ వదిలితే మార్కర్ నేలకు తగిలి ఎగిరి, దొర్లి, పక్కకు పోతుంది. తర్వాత అవి సరైన చోట పడ్డాయో లేదో చూసుకుంటారు. సరిగ్గా పడితే రెండో మార్కర్ విమానం అదే చోట ఇంకొన్ని వేస్తుంది, ఎందుకంటే బాంబుల పొగలో మొదటివి కనబడకుండా పోతాయి. ఆ తర్వాతే రేడియోలో పైనున్నవారికి 'కొట్టండి' అని పిలుపు.

1944 ఫిబ్రవరి 8 రాత్రి లిమోజ్‌లోని విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ మీద చెషైర్ దీన్ని లాంకాస్టర్‌తోనే చేశారు. లోపల ఫ్రెంచి కార్మికులు ఉన్నారని, మార్కర్లు వేయకముందే మూడుసార్లు కప్పుల మీదుగా తక్కువలో ఎగిరి వాళ్లు బయటపడే వ్యవధి ఇచ్చారు. నాలుగోసారి మార్కర్లు వదిలారు. కానీ గట్టి కాపలా ఉన్నచోట నాలుగు ఇంజిన్ల బరువైన విమానం పనికిరాదు. నాలుగు రోజుల తర్వాత ఆంతియోర్ వంతెన దగ్గర మార్టిన్ విమానం దెబ్బతిని, ఆయన బాంబ్ ఎయిమర్ (బాంబులకు గురి చూసే సభ్యుడు) చనిపోయాడు. అందుకే ఏప్రిల్ నుంచి తేలికైన రెండు ఇంజిన్ల మస్కిటో విమానాలు. మ్యూనిక్‌లో చెషైర్ 700 అడుగులకు దిగి మార్కర్లు వేశారు. పైనున్న ఫ్లేర్ల వెలుగులో ఆయన విమానమే కింది ఫిరంగులకు స్పష్టంగా కనబడుతుంది. బయటపడేదాకా 12 నిమిషాలు ఆ కాల్పుల్లోనే ఉన్నారు.

రెక్కలచప్పుడు:
ధన్యవాదాలండీ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. మరి ఈ పద్ధతి విఫలమైన సందర్భాలు లేవా?

స్పాట్‌ఫైర్:
మార్కింగ్ కుదిరినా ఘోరం జరిగిన రాత్రి ఒకటుంది. 1944 మే 3, ఫ్రాన్స్‌లోని మయ్యీ-ల్-కాం దగ్గర జర్మన్ ట్యాంకుల శిబిరం. మార్కర్లు సరిగ్గా పడ్డాయి. చెషైర్ దాడికి పిలవమన్నారు. కానీ ప్రధాన దళాన్ని నడిపించే కంట్రోలర్ రేడియో ట్యూనింగ్ సరిగా లేదు, పైగా అమెరికన్ సైనిక ప్రసారం ఒకటి అడ్డొచ్చింది. పిలుపు అందని లాంకాస్టర్లు వెన్నెల్లో అక్కడే చుట్లు తిరుగుతుండగా నైట్ ఫైటర్లు మీదపడ్డాయి. 346 లాంకాస్టర్లలో 42 తిరిగి రాలేదు. శిబిరం ధ్వంసమైంది, 37 ట్యాంకులు పోయాయి. అయినా మార్కింగ్‌కూ పిలుపుకూ మధ్య గడిచే ప్రతి నిమిషానికీ పైనున్నవాళ్లే మూల్యం చెల్లిస్తారని ఆ రాత్రి తేలిపోయింది. దీన్ని వదిలేసి చెషైర్ గురించి రాస్తే సగమే రాసినట్టు.

పాతరాడార్:
మస్టాంగ్ ఫైటర్ విమానం సంగతి కూడా కలపండి. 1944 జూన్ 25న ఫ్రాన్స్‌లోని సిరాకూర్ దగ్గర జర్మన్ ఎగిరే బాంబుల గోదాము మీద దాడి. అమెరికా 8వ ఎయిర్ ఫోర్స్ ఇచ్చిన మస్టాంగ్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. దాన్ని చెషైర్ మొదటిసారి నడిపింది నేరుగా ఆ దాడికే. ఒకే సీటు, నావిగేటర్ ఉండడు, దారి తనే చూసుకోవాలి. మార్కర్లు సరిగ్గానే వేసి, తిరిగొచ్చాక ఆ కొత్త విమానాన్ని చీకట్లో దించారు.

తోకగన్నర్:
పతకాలు రాసేటప్పుడు ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది, 'మూడు డీఎస్‌ఓ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్) పతకాలు' అని. పతకం ఒక్కటే. మళ్లీ అదే గౌరవం దక్కితే రిబ్బన్ మీద ఒక బార్ చేరుస్తారు. కాబట్టి చెషైర్‌కు వీసీ (విక్టోరియా క్రాస్), డీఎస్‌ఓ రెండు బార్లతో, డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) అని రాయండి. 1981లో వచ్చిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ యుద్ధానికి కాదు, 1948లో హాంప్‌షైర్‌లోని లె కోర్ట్‌లో మొదలుపెట్టిన వికలాంగుల ఆశ్రమాల సేవకు. దాన్ని వీసీ తర్వాత, డీఎస్‌ఓ కంటే ముందు పెట్టాలి.