అప్‌డేట్: బులీమియా క్లెయిమ్ ఎందుకు తిరిగొచ్చిందో తేలింది

మొన్న నేను అడిగింది ఇదీ: అమెరికా క్లినిక్ ఒకదానికి మెడికల్ కోడింగ్ (బీమా క్లెయిమ్‌లలో జబ్బులకి కోడ్‌లు వేసే పని) చేస్తున్నాను, బులీమియాకి (అతిగా తినేసి, తర్వాత వాంతి లాంటివి చేసుకునే జబ్బు) ఎఫ్50.2 వేసి పంపిన క్లెయిమ్ రిజెక్ట్ అయింది, ఎందుకు? మీలో కొందరు చెప్పిందే నిజం. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ కోడ్ అక్కడితో ఆగితే చెల్లదు, ఐదో అక్షరం ఉండాల్సిందే. ఎఫ్50.21 స్వల్పం, 22 మధ్యస్థం, 23 తీవ్రం, 24 అతి తీవ్రం, 25 రెమిషన్ (లక్షణాలు తగ్గిన దశ). నేను పాత చీట్‌షీట్ చూసి వేశాను, తప్పు నాదే.

తీవ్రత చెప్పని ఎఫ్50.20 వేసి వదిలేద్దామనిపించింది. కానీ నోట్స్ తిరగేస్తే, పేషెంట్ వారానికి ఐదుసార్లు వాంతి చేసుకుంటున్నట్టు డాక్టర్ రాశారు. మానసిక జబ్బుల నిర్ధారణకి వాడే డీఎస్‌ఎం-5 పుస్తకం లెక్కలో వారానికి 4 నుంచి 7 సార్లంటే మధ్యస్థం. అయినా ఆ మాట నేను ఊహించి వేయకూడదు కదా! డాక్టర్‌కి క్వెరీ పెట్టి వివరణ అడిగాను. ఆవిడ నోట్‌లో 'మధ్యస్థం' అని చేర్చారు. ఎఫ్50.22తో మళ్లీ పంపితే నిన్న పాసైంది, టెన్షన్ తీరింది.

అనోరెక్సియా (తిండి బాగా తగ్గించేసే జబ్బు), బింజ్ ఈటింగ్ (అదుపు లేకుండా తినేసే జబ్బు) కోడ్‌లనీ ఇలాగే విడగొట్టారు, వాటికి ఆరు అక్షరాలు. పెద్దవాళ్లలో పైకాకి (మట్టి లాంటి తిండి కానివి తినే జబ్బు) ఎఫ్50.83 విడిగా వచ్చింది. ఇదివరకు ఎఫ్50.89లో కలిపేసేవాళ్లం.