ఆపరేషన్ అయి తొమ్మిది రోజులు, ఇద్దరు పసివాళ్లు, ఇంట్లో మేమిద్దరమే

అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి ఏడు నెలలైంది. తొమ్మిది రోజుల కిందట సిజేరియన్ అయింది, కవలలు. అమ్మకి వీసా రాలేదు. మా ఆయనకి ఇంకో అయిదు రోజులే సెలవు. బాబుని పడుకోబెట్టేలోపు పాప లేస్తోంది. రోజుకి ఎన్నిసార్లు వంగుతున్నానో లెక్కే లేదు, లేచినప్పుడల్లా కుట్లు లాగేస్తున్నాయి. ఇలాంటి రోజులు గడిపినవాళ్లు ఎవరైనా చెప్పండక్కా.
— కొత్తగా వచ్చిన అమ్మ

చెల్లీ, నాకూ కవలలే, నాకూ ఆపరేషనే, మా అమ్మా రాలేకపోయింది. నువ్వు రాసినదాంట్లో అసలు సంగతి ఆ వంగడమే. పిల్లల బరువు అనుకుంటాం గానీ, ప్రాణం తీసేది లోతు తొట్టెలోంచి, నేలమీంచి ఎత్తడం. మీ ఆయన సెలవు అయిపోకముందే ఇల్లంతా నీ నడుము ఎత్తుకి తెప్పించు. డైపర్లు, బట్టలు, నీళ్ల సీసా, ఫోన్ ఛార్జర్ ఏదీ కింద ఉండకూడదు. తొట్టె అడుగు పైకి జరిపే వీలుంటే జరపమను. మేం బల్లమీద దుప్పటి మడిచి వేసి డైపర్లు మార్చేవాళ్లం, ఒక చెయ్యి మాత్రం ఎప్పుడూ బిడ్డమీదే. ఇంట్లో మెట్లుంటే డైపర్ల సామాను పైన ఒకటి, కింద ఒకటి పెట్టుకో.

మొదటి ఆరు వారాలు బిడ్డకన్నా బరువైనది ఎత్తొద్దని డాక్టర్లు చెప్తారు. కారు సీటుతో సహా బిడ్డని ఎత్తావంటే ఆ లెక్క తప్పినట్టే. ఇద్దర్నీ ఒకేసారి ఎత్తుకోకు. రెండోవాళ్లు ఏడుస్తారు, ఏడవనీ. తన తొట్టెలో వెల్లకిలా ఉన్న బిడ్డ నాలుగు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. ఈ ఒక్క మాట నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, పరిగెత్తి పరిగెత్తి కుట్ల దగ్గర చీము తెచ్చుకున్నానేమోనని ఇప్పటికీ అనుమానం.

మంచం మీంచి తిన్నగా లేవకు. మోకాళ్లు ముడిచి, పక్కకి ఒత్తిగిల్లి, కాళ్లు కిందికి జార్చి, చేతుల ఊతంతో లే. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు కడుపుకి అదుముకో. నవ్వొచ్చినా అంతే (మా ఆయన్ని రెండు వారాలు నోరెత్తొద్దన్నాను). పాలిచ్చేటప్పుడు బిడ్డని చంక కింద పెట్టుకుని, కాళ్లు నీ వీపు వైపు ఉంచితే కుట్లమీద బరువు పడదు.
— ఇద్దరి అమ్మ

నేను నర్సుని. అక్క చెప్పింది నిజం, మందుల సంగతి నేను చెప్తాను. నొప్పి ముదిరాక కాదమ్మా, గంట చూసుకుని మాత్ర వేసుకోండి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులకి మామూలుగా ఇచ్చేవే. బీపీ, అల్సర్, కిడ్నీ సమస్య ఉంటే ఐబుప్రొఫెన్ మాత్రం అడిగి వాడండి. కోడీన్, ట్రమడాల్ అనే నొప్పి మందులు వద్దని అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే పాలిచ్చే తల్లుల్ని హెచ్చరించింది. కోడీన్ ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది, కొందరిలో మరీ త్వరగా మారి పాల ద్వారా బిడ్డకి చేరుతుంది. ఇంటికిచ్చిన డబ్బామీద పేరు చదవండి. సోఫాలో బిడ్డని గుండెలమీద వేసుకుని కునుకు తియ్యడం మాత్రం అస్సలు వద్దు.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, 38 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, తలనొప్పి వదలకపోయినా, కళ్లముందు మెరుపులు కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. కడుపుతో ఉన్నప్పుడు లేని బీపీ కాన్పయ్యాక ఆరు వారాల్లోపు కూడా రావచ్చు. ఫోన్ చెయ్యగానే "ఫలానా తేదీన సిజేరియన్ అయింది" అన్నది మొదటి మాట కావాలి. అది అక్కడి భాషలో కాగితంమీద రాసి గోడకి అంటించుకోండి, కంగారులో మన భాషే నోటికి రాదు. దుబాసి కావాలని అడగడానికి మొహమాటపడకండి.
— రాత్రి డ్యూటీ నర్సు

ఇది మీ ఆయనకి. బ్రదర్, పాలివ్వడం ఒక్కటే ఆమె పని. ఎత్తి చేతికందించడం, మళ్లీ పడుకోబెట్టడం మీది, రాత్రి మూడింటికైనా సరే. ఎవరైనా "ఏమైనా సాయం కావాలా" అంటే "అబ్బే, ఏం వద్దండీ" అని నేను నెల రోజులు అన్నాను, మూర్ఖుణ్ణి. రోజు చెప్పండి, గంట చెప్పండి, పని చెప్పండి. వస్తారు.
— ముగ్గురు పిల్లల నాన్న

అందరికీ చాలా థాంక్స్. తొట్టె అడుగు పైకి జరిపాం. డబ్బా చూశాను, కోడీన్ లేదు. గాటు కింద చర్మం మొద్దుబారినట్టుంది, అది మామూలేనా?
— కొత్తగా వచ్చిన అమ్మ

మామూలే చెల్లీ, చిన్న చిన్న నరాలు తెగుతాయి కదా, నాకు స్పర్శ రావడానికి నెలలు పట్టింది. రెండు వారాలు దాటినా ఊరికే ఏడుపొస్తుంటే మాత్రం దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పు. నేను మీ ఊళ్లోనే ఉంటాను. మీ ఆయన పనికి వెళ్లే మొదటి రోజు పది నుంచి ఒంటిగంట దాకా వస్తాను. తలుపు తియ్యడానికి నువ్వు లేవకు, తాళంచెవి ఎక్కడ పెట్టావో విడిగా మెసేజ్ పెట్టు.
— ఇద్దరి అమ్మ