పదో తరగతిలో 20 అంతర్గత మార్కులు: ఉండాలా, పోవాలా?

గోదావరిఖని పాఠకుడు:
తెలంగాణలో పదో తరగతికి బడిలోనే ఉపాధ్యాయులు వేసే 20 అంతర్గత మార్కులను ఎత్తివేసి, 100 మార్కులకూ రాతపరీక్షే పెడతామని 2024 నవంబరు చివర్లో ప్రకటించారు. మరునాడే ఆ మార్పును 2025-26 విద్యాసంవత్సరానికి వాయిదా వేశారు. ఈ 20 మార్కులు పిల్లల చదువుకు మేలు చేస్తున్నాయా? పెద్దలు చర్చించాలని మనవి.

లెక్కల సార్:
ఉండి తీరాలి. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి చెబుతాను. ఊరి చెరువుగట్టు కొలిచి వైశాల్యం కట్టిన పిల్లవాడు, బోర్డు దగ్గర తప్పు చేసి ఎక్కడ తప్పాడో తానే పట్టుకున్న పిల్లవాడు మూడు గంటల పరీక్షలో కనబడరు. భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అనే నాలుగు అంశాలనూ అలాంటివారి కోసమే పెట్టారు.

ఒంగోలు నుంచి:
ఆంధ్రప్రదేశ్‌లో 2019-20 నుంచే వీటిని తీసేశారు. అడిగినవారికీ అడగనివారికీ 20కి 20 వేసే ప్రైవేటు బడులుండగా ఈ మార్కులకు విలువ ఎక్కడిది?

లెక్కల సార్:
దొంగ తూకం వేసేవాడున్నాడని త్రాసునే పారేస్తామా?

ఇద్దరు పిల్లల అమ్మ:
త్రాసు ఎవరి చేతిలో ఉందన్నదే నా ప్రశ్న. మా పెద్దమ్మాయి తొమ్మిదిలో ఉండగా, బోర్డు మీది లెక్కలో గుర్తు తప్పు పడిందని లేచి చెప్పింది. ఆ విడత భాగస్వామ్యం గడిలో దానికి తరగతిలోకెల్లా తక్కువ మార్కులు పడ్డాయి. ఎందుకని అడిగితే జవాబు లేదు. ఆ తరువాత అది ఏ ఉపాధ్యాయుడి తరగతిలోనూ చెయ్యెత్తలేదు.

లెక్కల సార్:
అమ్మా, ఒక్కరి తప్పును మా అందరి మీదా రుద్దడం న్యాయం కాదు. ఐదు సెక్షన్ల పుస్తకాలు దిద్ది, రికార్డులు రాసి, తనిఖీ బృందానికి జవాబు చెప్పుకునేది మేము. మా మీద ఆమాత్రం నమ్మకం లేకపోతే పిల్లల్ని మా దగ్గరకు పంపడం దేనికి?

ఇద్దరు పిల్లల అమ్మ:
నమ్మకం అడిగి తీసుకునేది కాదు సార్. మీ పిల్లల లఘు పరీక్ష కాగితాలు వారి చేతికి తిరిగి వస్తాయా, రావా? అది చెప్పండి.

2021 బ్యాచ్:
కోవిడ్ వల్ల తెలంగాణలో మాకు పరీక్షలు రద్దయి, అంతర్గత మార్కులతోనే గ్రేడ్లు వచ్చాయి. 5 లక్షల పైచిలుకు మందిలో 2 లక్షలకు పైగా 10 జీపీఏ తెచ్చుకున్నారు, వారిలో నేనూ ఒకదాన్ని. త్రికోణమితి నాకు రాదన్న సంగతి ఇంటర్లో చేరిన నెలకు తెలిసింది. అంతకుముందు ఒక్కసారైనా ఎవరైనా చెప్పి ఉంటే నేర్చుకునేదాన్ని.

లెక్కల సార్:
కోపంలో ఒక మాట ఎక్కువన్నాను, మన్నించండి. కాగితాలు తిరిగి ఇవ్వడం లేదన్నది నిజమే. తనిఖీకి చూపాలని కట్ట కట్టి బీరువాలో పెడుతున్నాం. పిల్లవాడు తన తప్పు చూసుకోకుండానే మార్కు ఆన్‌లైన్‌లోకి ఎక్కిపోతోంది. కానీ ఈ మార్కులు పబ్లిక్ పరీక్షలో కలవవంటే, ప్రాజెక్టు చేసే పిల్లవాడూ ఉండడు, చేయించే బడీ ఉండదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
మన తేడా అక్కడే ఉంది. మార్కు కలిస్తేనే పని జరుగుతుందని మీరంటున్నారు. మార్కు కలవబట్టే పిల్లలు తప్పును దాచుకుంటున్నారని నేనంటున్నాను. తప్పు బయటపెడితే మార్కు పోతుందన్న భయమున్న చోట మీరు ఏ పిల్లవాడి తప్పును దిద్దగలరు?

ఒంగోలు నుంచి:
మా దగ్గర మార్కులు పోయాక ప్రాజెక్టులూ పోయాయి, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

లెక్కల సార్:
ఈ విడత కట్ట కట్టే ముందు రెండు రోజులు కాగితాలు పిల్లల దగ్గరే ఉంచుతాను, తప్పు పక్కన కారణం రాసి ఇస్తాను. భాగస్వామ్యం గడి సంగతి మాత్రం నా చేతిలో లేదు. అందులో అంకె వేయడానికే చోటుంది.

ఇద్దరు పిల్లల అమ్మ:
కారణం రాయడానికి పిల్లల నోటు పుస్తకంలో చోటుంది సార్.