అప్‌డేట్: ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆగిపోతున్న మారుతి 800

పాత కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) బండి, హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గాలి పోయినట్టు నీరసపడి ఆగిపోతోందని అడిగాను కదా. సమస్య దొరికింది. ట్యాంకులోంచి పెట్రోల్ లాగే ఫ్యూయల్ పంపు కాదు!

పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య పైపులో T ఆకారం జాయింట్ వేసి ప్రెజర్ గేజ్ పెట్టమని మీలో ఒకరు చెప్పారు, అదే చేశాం. ఐడిల్‌లో 3 పీఎస్‌ఐ (ప్రెజర్ కొలత) దగ్గర నిలబడింది, రేస్ చేసి పట్టుకుంటే 1 కిందకి జారింది. మెకానిక్ వెంటనే "పంపు మార్చేద్దాం సార్" అన్నాడు. ఆగమన్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పంపు ఇన్‌లెట్ పైపు ఊడదీసి, వేరే చిన్న ట్యూబ్‌తో నేరుగా పెట్రోల్ డబ్బాలోంచి లాగించాం (పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకునే). ఈసారి ఎంత రేస్ చేసినా గేజ్ ముల్లు కిందకి జారలేదు. అంటే పంపు మంచిదే, తేడా ట్యాంకు వైపు.

ట్యాంకు దగ్గరి రబ్బరు హోస్ బీటలు వారింది. అక్కడ పంపు లాగుతుంది కాబట్టి పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క పడకపోవడంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరుకు పడదు కూడా.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇథనాల్ తట్టుకునే హోస్, కొత్త క్లిప్పులు, ఫిల్టర్ తెచ్చి వేయించా. ఫ్లైఓవర్ ఇప్పుడు హాయిగా ఎక్కుతోంది. మధ్యాహ్నం ఎండలో ఆపి తీస్తే మాత్రం స్టార్టింగ్‌కి ఇంకా కాస్త సతాయిస్తోంది, కార్బ్యురేటర్ బౌల్‌లో (పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెలో) పెట్రోల్ వేడికి మరుగుతోందేమోనని అనుమానం. దానికి హీట్ షీల్డ్ (ఇంజిన్ వేడి తగలకుండా అడ్డు రేకు) ఎవరైనా వేయించారా?