పాత కీర్తనలను ప్రేమిస్తూనే కొత్త ఉజ్జీవానికి చోటివ్వడం ఎలా?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లెలోని బాప్టిస్టు సంఘం. నేను కమిటీలో ఉన్నాను. శుక్రవారం రాత్రుళ్లు మా యూత్ పిల్లలు గుడిలో చాపలు పరుచుకుని, సొంత మాటల్లో ప్రార్థన చేసుకుంటున్నారు. ఏడాదిగా మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు అక్కడే ఏడ్చి కలిసిపోయారు. పెద్దలు మాత్రం "ఇది మన పద్ధతి కాదు" అంటున్నారు. పోయిన వారం గుడి తాళం ఇవ్వలేదు. పిల్లలు మెట్ల మీదే కూర్చుని ప్రార్థించారు.

నా మనసు కూడా పాతదాని వైపే లాగుతుంది. మా నాన్న కీర్తనల పుస్తకంలో ఆయన బొటనవేలి మరకలు ఇంకా ఉన్నాయి. అయితే 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు మన రాగాల్లో కీర్తనలు రాసినప్పుడు అవీ కొత్తవే కదా! 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మా పెద్దలు ఎంతో గర్వంగా చెబుతారు. ఆ దేవుడే ఈరోజు కూడా పని చేస్తాడని ఎదురుచూడరేం? నాకు బాధ అక్కడే.

ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు దయచేసి చెప్పండి. ఆదివారం ఆరాధన ఉన్నట్టే ఉంచి, శుక్రవారం కూడికలో ఒక పాత కీర్తన నేర్పమని పెద్దలనే పిలిస్తే వస్తారా? ముందు పాస్టరు గారితో మాట్లాడాలా, పెద్దల ఇళ్లకు వెళ్లాలా? ఉద్రేకానికీ నిజమైన మార్పుకీ తేడా మీరెలా గుర్తుపట్టారు? వచ్చే ఆదివారం కమిటీ మీటింగ్ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.